కుక్క డీఎన్ఏ కిట్ రివ్యూ: మా పకోడి వంశం కంటే దాని గడ్డ వంశమే బాగా తెలిసింది

రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా, 5కి 2.5. మోసం అనట్లేదు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టే చేశారు, ట్యూబ్ పంపాం రిపోర్ట్ వచ్చింది, కానీ నేను దేనికోసం ఆశపడ్డానో అది మాత్రం కిట్ వల్ల తెలియలేదు, మా పక్క సందులో చిన్న క్లినిక్‌లో ఒక డాక్టరమ్మ మైక్రోస్కోప్ మీద వంగి చూస్తూ చెప్పిన నాలుగు మాటల వల్ల తెలిసింది. అందుకని ఈ రివ్యూ మధ్యలో పక్కదారి పడుతుంది, ఓపిక లేనివాళ్ళు కిందకి వెళ్ళిపోండి, కొనాలా వద్దా అనేది అక్కడ రాశా. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఇది వీళ్ళొక్కళ్ళ తప్పు కాదు.

మా పకోడి వీధి కుక్క. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ ఎదురుగా పకోడీల బండి కింద దొరికింది, అందుకే ఆ పేరు. సన్న నడుము, పొట్టి జుట్టు, లేత గోధుమ రంగు, నుదుటి మీద ముడతలు. ఆ ముడతలు చూసి మా అమ్మకి ఒక అనుమానం. అమ్మ పుట్టిల్లు కైకలూరు దగ్గర, కొల్లేరు పక్కన, అక్కడ జోనంగి కుక్కలని ఉంటాయి, విన్నారో లేదో, బాతుల మందలకి కాపలా కాసేవి, మామూలు కుక్కల్లా మొరగకుండా అదో రకంగా కూస్తాయి, నేల తవ్వుకుని ఆ గోతిలో పడుకుంటాయి. పకోడి బాల్కనీలో నా పూలకుండీలన్నీ తవ్వి పోసిన రోజున అమ్మ తీర్పు ఇచ్చేసింది, "ఇది జోనంగే, రాసిపెట్టుకో" అని. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడేమో "కాదక్కా, ఆ నడుము చూడు, ఎక్కడో గ్రేహౌండ్ కలిసింది" అంటాడు. ఇద్దరికీ పందెం. ఆ పందెం తేల్చడానికి వాడు సంక్రాంతికి వస్తూ కిట్ తెచ్చాడు, హెల్త్ రిపోర్ట్‌తో కలిపి నూట ఎనభై డాలర్లు అయ్యిందంట, వద్దురా బాబూ అని ముందే చెప్పా.

కిట్ సంగతి తొందరగా చెప్పేస్తా ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేదు. చిన్న డబ్బా, లోపల దూదిపుల్ల లాంటి స్వాబ్, ద్రవం ఉన్న ట్యూబ్, ఒక కోడ్. ఆ కోడ్ యాప్‌లో కొట్టి కుక్క పేరు రిజిస్టర్ చేయాలి. అరగంట ముందు నుంచి తిండి పెట్టకూడదు, వేరే కుక్కతో నాకించకూడదు, తర్వాత దవడకీ చిగురుకీ మధ్య స్వాబ్ పెట్టి అర నిమిషం పైనే రుద్దాలి. రాసినంత ఈజీ కాదు, పకోడి మొదటి ముప్పావు నిమిషం ఆ స్వాబ్‌ని చేగోడీ అనుకుని నమిలింది. డబ్బాలో రెండోది ఉంది కాబట్టి బతికిపోయాం. ట్యూబ్ తమ్ముడు వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళి అక్కడ పోస్ట్ చేశాడు. ప్యాకింగ్ బాగుంది, యాప్ బాగుంది, బొమ్మలు బాగున్నాయి. ఇంతవరకు ఐదుకి ఐదు.

వాడు వెళ్ళిన పది రోజులకి పకోడి పడుకున్న చోట రక్తం చుక్కలు కనిపించాయి. అమ్మ "ఎదకొచ్చిందిలే, కంగారు పడకు" అంది. ఆపరేషన్ చేయించాలి చేయించాలి అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చింది నేనే, దసరా సెలవుల్లో గేటు తీసి ఉంటే ఒక రాత్రంతా బయట తిరిగొచ్చింది కూడా. సరే ఎదే అనుకున్నాం. రెండు వారాలైంది, మూడు వారాలైంది, ఆగట్లేదు, ఎప్పుడూ అక్కడే నాక్కుంటోంది, దగ్గరకెళ్తే వాసన. అప్పుడు క్లినిక్‌కి తీసుకెళ్ళా. డాక్టరమ్మ గ్లవ్స్ వేసుకుని చూసింది, లోపల కాలీఫ్లవర్ ముక్కలాంటి ఎర్రటి గడ్డ, ముట్టుకుంటే రక్తం. గాజు పలకని దాని మీద అద్ది, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. గుండ్రటి కణాలు, వాటిలో బుడగల్లాంటివి. "టీవీటీ" అంది, ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్ అనేదానికి పొట్టి పేరు. వీధి కుక్కల డాక్టర్లకి ఇది రోజూ వినే మాటంట, నేను మాత్రం మొదటిసారి విన్నా. కేన్సరేనా అంటే కేన్సరే అంది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

అప్పుడు ఆవిడ అన్న మాట, "మేడమ్, ఇది పకోడి ఒంట్లో పుట్టిన గడ్డ కాదు. ఇది వేరే కుక్క."

నాకు అర్థం కాలేదు, మీకూ కాదు, కాబట్టి ఆవిడ చెప్పినట్టే చెప్తా. మామూలు కేన్సర్ అంటే మన ఒంట్లో కణమే దారి తప్పి పెరిగిపోవడం, మనిషి పోతే దాంతో పాటు అదీ పోతుంది. ఇది అలా కాదు. ఇక్కడ ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి పోయేది వైరస్సో బాక్టీరియానో కాదు, ప్రాణంతో ఉన్న కేన్సర్ కణాలే. కలిసినప్పుడు, నాకినప్పుడు, వాసన చూసినప్పుడు ఆ కణాలు అంటుకుని కొత్త ఒంట్లో పెరుగుతాయి. "నూజివీడు వైపు మామిడి అంటు కడతారు చూడండి, అలాగ" అంది. ఆ మాటతో నాకు లైట్ వెలిగింది. అంటు కట్టిన చెట్టులో వేరు ఒక టెంక నుంచి మొలిచిన చెట్టుది, పైన కొమ్మ తల్లిచెట్టుది, తల్లిచెట్టు ఎప్పుడో ఎండిపోయినా కొమ్మ తోటలన్నీ తిరుగుతూనే ఉంటుంది. పకోడి రక్తం తీసి డీఎన్ఏ చూస్తే పకోడిదే వస్తుంది, గడ్డ ముక్క తీసి చూస్తే ఎప్పుడో వేల ఏళ్ళ కింద బతికిన ఒక కుక్కది వస్తుంది. ఆ కుక్క ఎప్పుడో చచ్చిపోయింది, దాని ఒంటి కణం మాత్రం ఒక కుక్క మీంచి ఇంకో కుక్క మీదకి మారుతూ నిన్న విజయవాడలో పకోడి దగ్గరకొచ్చింది. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు, భయమో ఆశ్చర్యమో నాకే తెలీదు.

ఇక రాత్రుళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఇది కొత్త విషయమేం కాదంట, 1876లోనే నొవిన్‌స్కీ అనే రష్యా పశువుల డాక్టర్ ఒక కుక్క గడ్డ ముక్కని ఇంకో కుక్కకి అంటించి పెంచి చూపించాడు. కానీ ప్రపంచంలో ఉన్న ఈ గడ్డలన్నీ ఒకే ఒక్క కుక్క సంతానం అని డీఎన్ఏతో తేలింది మాత్రం 2006లో, లండన్‌లో రాబిన్ వైస్ టీమ్ చేసిన పనితో. తర్వాత 2014లో కేంబ్రిడ్జ్‌లో ఎలిజబెత్ మర్చిసన్ వాళ్ళు రెండు గడ్డల జీనోమ్, అంటే డీఎన్ఏ రాత, మొత్తం చదివారు, ఒకటి ఆస్ట్రేలియాలో ఆదివాసీల క్యాంపు కుక్కది, ఇంకోటి బ్రెజిల్‌లో ఒక కాకర్ స్పానియల్‌ది. మనుషుల కేన్సర్లలో మ్యుటేషన్లు (డీఎన్ఏలో పడే మార్పులు) మామూలుగా వేలల్లో ఉంటే దీంట్లో 19 లక్షలు ఉన్నాయి, 646 జీన్లు పూర్తిగా పోయాయి, అయినా బతికే ఉంది. ఆ మ్యుటేషన్ల అడుగున అసలు కుక్క ఇంకా కనిపిస్తోంది. ఇప్పటి జాతుల్లో మంచు మీద బళ్ళు లాగే అలాస్కన్ మాలమ్యూట్, హస్కీ లాంటి వాటికి దగ్గర, బొచ్చు నల్లగా అయినా ఉండాలి లేదా తోడేలు బొచ్చులా కలగలుపు రంగు అయినా ఉండాలి, దగ్గరి చుట్టరికాల్లో పుట్టిన కుక్క. ఆడదో మగదో మాత్రం తేలలేదు.

చచ్చి వేల ఏళ్ళైన కుక్క బొచ్చు రంగు దాకా చెప్తున్నారు, అదీ కేన్సర్ గడ్డ చూసి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు మన కిట్ రిపోర్ట్ దగ్గరికి వస్తా.

మూడో ఇంజక్షన్ రోజు, క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఉండగా మెయిల్ వచ్చింది. యాప్ తెరిస్తే రంగుకాగితాలు ఎగిరినట్టు యానిమేషన్, "మీ పకోడి ఫలితాలు రెడీ" అని. నొక్కితే ఒక పెద్ద గుండ్రటి బొమ్మ, మొత్తం ఒకే రంగు. 100 శాతం దక్షిణాసియా విలేజ్ డాగ్. అంతే. అమ్మకి ఫోన్ చేసి "ఊరకుక్కంట" అన్నా, "ఆ ముక్క చెప్పడానికి డల్లాస్ దాకా పంపాలా" అంది. కింద హెల్త్ రిపోర్ట్, పేజీలకి పేజీలు రోగాల పేర్లు, ప్రతి దాని పక్కన ఆకుపచ్చ టిక్కు. మీ కుక్క ఆరోగ్యంగా ఉంది అన్నట్టు. పక్కన పకోడి చేతికి సెలైన్ సూది గుచ్చి ఉంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

న్యాయంగా మాట్లాడాలంటే ఆ ఆకుపచ్చ టిక్కులు అబద్ధం కాదు. అవి తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బుల మార్పులు ఉన్నాయా లేదా అని మాత్రమే చూస్తాయి. టీవీటీ వంశపారంపర్యం కాదు, బయట నుంచి వచ్చి దిగిన అద్దెవాడు, దవడ రుద్దిన స్వాబ్‌లో వాడెలా కనిపిస్తాడు. కానీ రిపోర్ట్‌లో ఎక్కడో ఒక మూల "ఇది పుట్టుకతో వచ్చేవాటికే" అని పెద్ద అక్షరాల్లో రాయొచ్చు కదా, చిన్న అక్షరాల్లో ఉంది, వెతికితే దొరికింది. దీనికి అర స్టార్ కట్.

ఇప్పుడు అసలు గొడవ, ఆ 100 శాతం గురించి. మొదట మోసపోయా అనుకున్నా, తర్వాత ఆలోచిస్తే ఇది నిజాయితీగల జవాబే. మా ఆఫీసులో ఒకావిడ చవకరకం కిట్ ఒకటి వేరే చోట చేయిస్తే వాళ్ళ వీధి కుక్కకి జర్మన్ షెపర్డ్ ఇంత, చౌచౌ ఇంత, ఇంకేదో ఇంత అని ఏడు జాతులు వచ్చాయి, ఆవిడ ఎంత సంబరపడిందో. అది ఎలా వస్తుందంటే, కిట్ వాళ్ళ దగ్గర ముందే కొన్ని జాతుల డీఎన్ఏ శాంపిల్స్ ఒక పట్టీలా ఉంటాయి, మీ కుక్కని ఆ పట్టీతో పోల్చి దగ్గర ఉన్నవాటి పేర్లు చెప్తారు. పట్టీలో వీధి కుక్కలే లేకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది పాపం, ఉన్నవాటిలోనే ముక్కలు ఏరి అతికిస్తుంది. నిజానికి మన వీధి కుక్క జాతులు కలిసి పుట్టిన ముద్ద కాదు. అసలు జాతి కుక్కలు అనుకునేవాటిలో ఎక్కువ భాగం గత రెండొందల ఏళ్ళలో, ముఖ్యంగా విక్టోరియా రాణి కాలం ఇంగ్లండ్‌లో డాగ్ షోల సరదాతో తయారైనవి. ఊరకుక్కలు అంతకు వేల ఏళ్ళ ముందు నుంచి ఉన్నాయి. తాతని పట్టుకుని మనవడి పోలికలు ఎన్ని శాతం ఉన్నాయి అని అడిగినట్టుంటుంది ఆ లెక్క.

కాబట్టి విలేజ్ డాగ్ అన్నందుకు కోపం లేదు. అక్కడితో ఆగిపోయినందుకు కోపం, దీనికే ఒకటిన్నర స్టార్ కట్. జోనంగి వాళ్ళ పట్టీలో ఉందా అని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే నాలుగు రోజులకి మర్యాదగా "ప్రస్తుతానికి లేదు" అని జవాబు వచ్చింది. మరి పందెం ఎవరు గెలిచినట్టు? గ్రేహౌండ్ లేదు కాబట్టి తమ్ముడు ఓడిపోయాడు, జోనంగిని పోల్చనే లేదు కాబట్టి అమ్మ గెలవలేదు. అమ్మ మాత్రం గెలిచాననే అంటోంది.

రిపోర్ట్‌లో ఇంకో పేజీ ఉంది, తల్లి వైపు వంశం అని. మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే చిన్న భాగాలు) డీఎన్ఏ చూసి చెప్తారు, అది తల్లి నుంచే పిల్లలకి వస్తుంది కాబట్టి తల్లి తల్లి తల్లి అలా వెనక్కి పోవచ్చు. ఒక అక్షరం, ఒక అంకె, ఒక మ్యాపు, దాని మీద బాణాలు. చూడ్డానికి చాలా ఘనంగా ఉంది, నేను కూడా స్టేటస్ పెట్టుకుందామనుకున్నా. కానీ అప్పటికే గడ్డ గురించి చదివి ఉన్నా కదా, అందుకే ఆగా. ఈ గడ్డ కణాలు ఒక దొంగతనం చేస్తాయి, తమ మైటోకాండ్రియా అరిగిపోతే తాము ఉంటున్న కుక్క కణాల నుంచి కొత్తవి లాగేసుకుంటాయి. ఈ సంగతి 2011లో బయటపడింది, 2016లో 39 దేశాల నుంచి 449 గడ్డలు చూసి ఇలా కనీసం ఐదు సార్లు జరిగిందని లెక్క తేల్చారు. అంటే గడ్డ వంశం కనుక్కుందామని మైటోకాండ్రియా ఒక్కటే చూసి ఉంటే మధ్యలో ఎవరి ఇంట్లో అద్దెకున్నాడో వాళ్ళ ఇంటిపేరు చెప్పేవాళ్ళు, అసలు ఇంటిపేరు తెలిసేదే కాదు. కణం నడిమధ్యలో ఉండే అసలు డీఎన్ఏ చదివితేనే నిజం బయటికొచ్చింది. పకోడి ఇలాంటి దొంగతనాలు చేయదు అనుకోండి (చేపముక్కలు తప్ప), కానీ ఏ కుక్కకైనా సరే తల్లి వైపు గీత అనేది వేల మంది పూర్వీకుల్లో ఒక్క వరస మాత్రమే. దాన్ని మ్యాపు మీద బాణాలేసి "మీ కుక్క కథ" అని అమ్మడం నాకు నచ్చలేదు. ఇంకో అర స్టార్ కట్.

సరే ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని భాగం. 2018లో ఒక పేపర్ వచ్చింది, అమెరికా ఖండాల్లో పాతకాలం కుక్కల గురించి. కొలంబస్ వెళ్ళక ముందు అక్కడి జనాల దగ్గర కుక్కలు ఉండేవి, వేల ఏళ్ళ నుంచి, ఇలినాయ్‌లో కోస్టర్ అనే చోట దాదాపు 10,000 ఏళ్ళ కింద శ్రద్ధగా పూడ్చిపెట్టిన కుక్కలు దొరికాయి. ఇవి అక్కడి తోడేళ్ళని మచ్చిక చేసుకుంటే వచ్చాయేమో అని చాలామంది అనుకునేవాళ్ళు. ఈ టీమ్ ఉత్తర అమెరికా, సైబీరియా పాత కుక్కల ఎముకల నుంచి 71 మైటోకాండ్రియా జీనోమ్‌లు, కణం నడిమధ్య డీఎన్ఏవి 7 జీనోమ్‌లు తీసి చూస్తే, కాదు, అవి మనుషులతో పాటు సైబీరియా వైపు నుంచి నడిచొచ్చిన కుక్కలు అని తేలింది. ఆర్కిటిక్ సముద్రంలో ఝోఖోవ్ అని ఒక దీవి ఉంది, అక్కడ సుమారు 9,000 ఏళ్ళ కింద బళ్ళు లాగిన కుక్కల ఎముకలు దొరికాయి, వాటికీ వీటికీ చుట్టరికం.

మరి ఆ అమెరికా కుక్కలు ఇప్పుడేవి? లేవు. యూరప్ వాళ్ళు వచ్చాక దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు అక్కడున్న కుక్కల్లో, మెక్సికో జాతి అని పేరున్న చివావా లాంటివాటిలో కూడా, ఆ పాత రక్తం మిగిలింది చాలా చాలా తక్కువ, ఉన్నవి దాదాపు అన్నీ యూరప్ నుంచి వచ్చినవాటి సంతానమే. అయితే ప్రపంచంలో ఈరోజు బతికున్న వాటిల్లో ఆ పాత అమెరికా కుక్కలకి అన్నిటికంటే దగ్గర చుట్టం ఎవరు అని వెతికితే వచ్చిన జవాబు ఏ కుక్కా కాదు, ఈ గడ్డ. మా పకోడి లోపల ఉన్న ఆ కాలీఫ్లవర్ ముక్క.

ఇది చదివినప్పుడు రాత్రి ఒంటిగంట అయ్యింది, పకోడి మంచం కింద గురక పెడుతోంది. టార్చ్ వేసి కాసేపు దాన్నే చూశా. దాని ఒంట్లో మంచు దేశపు కుక్క ఒకటి, దాని చుట్టపు జాతి మొత్తం అంతరించిపోయింది, ఎముకలు తప్ప ఏం మిగల్లేదు, ఇదొక్కటే విజయవాడలో ఉక్కపోతలో ఫ్యాన్ కింద బతికుంది, దాన్ని చంపడానికే నేను వారం వారం డబ్బులు కడుతున్నా. పాపం అనాలో పీడ అనాలో అర్థం కాలేదు. (పీడే. మర్నాడు పొద్దున మళ్ళీ రక్తం తుడిచేటప్పుడు క్లారిటీ వచ్చేసింది.)

2019లో ఆ కేంబ్రిడ్జ్ వాళ్ళే ఇంకా పెద్ద పని చేశారు, 43 దేశాల నుంచి 546 గడ్డలు. వాటిలో మ్యుటేషన్లు పోగైన తీరు బట్టి ఏ గడ్డ కొమ్మ ఎప్పుడు విడిపోయిందో చెట్టు గీశారు. దాని ప్రకారం ఆ మొదటి కుక్క బహుశా ఆసియాలోనే, 4,000 నుంచి 8,500 ఏళ్ళ మధ్య ఎప్పుడో బతికింది. 2014లో వీళ్ళే 11,000 ఏళ్ళు అన్నారు, 2018లో మహా అయితే 8,000 చిల్లర అన్నారు, డేటా పెరిగే కొద్దీ మేం తప్పు చెప్పాం అని దిద్దుకుంటూ వచ్చారు. నాకు నచ్చింది ఇదే. మన కిట్ వాళ్ళు మాత్రం శాతాన్ని పాయింటు తర్వాత ఒక అంకెతో సహా, బ్రహ్మ రాసినట్టు చూపిస్తారు.

ఆ గడ్డ చాలాకాలం ఆసియాలోనే ఉండిపోయి, దాదాపు 2,000 ఏళ్ళ కింద బయటికి పాకడం మొదలుపెట్టి, 500 ఏళ్ళ కింద యూరప్ ఓడల్లో కుక్కలతో పాటు అమెరికాలో దిగింది. అక్కడి నుంచి ఆఫ్రికాకి, మళ్ళీ మన ఉపఖండం వైపుకి, యూరప్ వాళ్ళ ఓడలు ఎక్కడ ఆగితే అక్కడికి. అంటే చుట్టాలందరూ ఉన్న ఊరికి ఇది వేల ఏళ్ళ తర్వాత పరాయివాళ్ళ కుక్క మీద ఎక్కి చేరింది, సరిగ్గా ఆ చుట్టాలు అంతరించిపోతున్న టైంకి. ఇలా ఎవరైనా కథ రాస్తే మరీ అతి అంటాం. పకోడి గడ్డ ఏ కొమ్మదో నాకు తెలిసే దారి లేదు కానీ, మా ఇంటికి డెబ్భై కిలోమీటర్లలో బందరు ఉంది, 1600ల మొదట్లోనే డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ గోదాములు పెట్టిన రేవు, ఏ ఓడలోంచి ఏ కుక్క దిగి ఏ వీధిలో కలిసిపోయిందో అని ఊహించుకోవడానికి నాకు సరిపోతుంది. కిట్‌లో మ్యాపు బాణాల కంటే ఇదే బాగుంది.

ఎండ సంగతి కూడా ఒక ముక్క. ఈ గడ్డ బయటికి తేలి ఉంటుంది కదా, ఎండలోని అతినీలలోహిత కిరణాల దెబ్బ డీఎన్ఏ మీద ఒక రకం గుర్తు వదులుతుంది, భూమధ్యరేఖకి దగ్గరున్న ఊళ్ళ గడ్డల్లో ఆ గుర్తులు ఎక్కువంట. గడ్డ ఏ దేశపు ఎండలో కాగిందో కూడా రాసి ఉంటుందన్నమాట. ఇంకో రకం గుర్తు మొదటి రోజుల్లో మాత్రమే పడి తర్వాత ఆగిపోయింది, అది దేనివల్లో ఎవరికీ అంతుపట్టలేదు.

వైద్యం గురించి రాయకపోతే తప్పవుతుంది, ఎందుకంటే వీధి కుక్కల్ని పెంచేవాళ్ళకి కిట్ కంటే ఇది పనికొస్తుంది. మందు పేరు విన్‌క్రిస్టిన్, నరంలోకి, వారానికి ఒకటి, మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది డోసులు. ప్రతిసారీ ముందు రక్తం టెస్టు, తెల్లకణాలు పడిపోతే ఆ వారం ఆపుతారు, మాకు నాలుగో డోసు ఇలాగే ఒక వారం వెనక్కి వెళ్ళింది. నరం తప్పి బయటికి కారితే అక్కడ చర్మం కుళ్ళిపోయేంత ఘాటు మందు, కాబట్టి కాంపౌండర్‌తో ఇంట్లో పొడిపించుకోవద్దు. ఇంకో విశేషం, ఈ మందు వచ్చేది బిళ్ళగన్నేరు మొక్క నుంచి. అవును, మనింటి ముందు ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే ఆ ఊదారంగు పువ్వే. ఇది పొరపాటున మా కింద ఫ్లోర్ పిన్నిగారికి చెప్పా, ఆవిడ మర్నాడు ఆకులు నూరి ముద్ద చేసి పట్టుకొచ్చింది, "ఎందుకమ్మా అంత డబ్బు తగలేస్తావు" అని. అలా అస్సలు చేయకండి, ఆ మొక్క తింటే విషం, అందులోంచి మందుని గోరంత వేరు చేసి కొలిచి ఇస్తేనే మందు. మనుషులకి ఈ జబ్బు అంటదు, అదీ ఆవిడే అడిగింది. ముక్కులో కూడా వస్తుంది, వాసన చూడ్డం నాకడం వల్ల, మగ కుక్కల్లో ఎక్కువ, ముక్కు నుంచి రక్తం వస్తే దెబ్బ తగిలిందిలే అనుకోకండి. వీధుల్లో విచ్చలవిడిగా కలవడం తగ్గితే ఇది తగ్గుతుంది, ఇంగ్లండ్‌లో 20వ శతాబ్దంలో కుక్కల మీద అదుపు వచ్చాక అక్కడ మాయమైపోయింది, మన దగ్గర మాత్రం ఎక్కడ చూసినా ఉంది. ఆపరేషన్ వాయిదా వేసే నాలాంటి వాళ్ళు ఇది చదివి అయినా ఫోన్ తీయండి.

పకోడికి మొత్తం ఐదు డోసులు పడ్డాయి. మూడో దానికే సగానికి తగ్గింది, ఐదో దానికి చూస్తే ఏం లేదు, నున్నగా. కేన్సర్ ఇలా పోవడం నేనెప్పుడూ చూడలేదు. మందు మొదలుపెట్టాక కుక్క ఒళ్ళే మేలుకుని వీడు పరాయివాడు అని గుర్తుపట్టి తరిమేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నెలన్నర తర్వాత ఆపరేషన్ కూడా చేయించా. క్లినిక్‌కి ఐదుకి ఐదు, బెంచీలు రెండే ఉన్నాయి, ఏసీ లేదు, అయినా ఐదు.

ఇక కొనాలా వద్దా. జాతి కుక్క కొన్నారు, అమ్మినవాడు అబద్ధం చెప్పాడేమో చూసుకోవాలి, లేదా పిల్లలు పెట్టించే ముందు వంశపు జబ్బులు ఉన్నాయేమో తెలుసుకోవాలి అంటే కొనండి, దానికి బాగా పనికొస్తుంది, ఆ భాగం మీద నాకు ఫిర్యాదు లేదు. వీధి కుక్క అయితే మాత్రం ఆ డబ్బులతో దానికి ఆపరేషనూ టీకాలూ అయిపోయి ఇంకా మిగుల్తాయి. వంశం తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే పట్టీలో విలేజ్ డాగ్‌లు ఉన్నాయో లేదో కొనేముందు అడగండి, లేకపోతే చౌచౌ అని వస్తుంది, మురిసిపోతారు. పాయింటు తర్వాత అంకెల్ని నమ్మకండి. స్వాబ్ తీసేటప్పుడు ఇద్దరు పట్టుకోండి.

తమ్ముడు నిన్న ఫోన్ చేసి ఇప్పుడు పందెం ఎలా తేలుద్దాం, ఇంకో కంపెనీ కిట్ తేనా అన్నాడు. వద్దురా, ఈసారి కైకలూరు వెళ్ళి నిజం జోనంగిని ఒకదాన్ని వెతికి పకోడి పక్కన నిలబెట్టి చూద్దాం అన్నా. అమ్మ వెనక నుంచి "బాతులు కూడా తేండి, అప్పుడు తెలుస్తుంది" అని అరిచింది.